తోకలు చదివిన గవరయ్య

మెట్ట మీద ఒక జీడిమామిడి తోట. తోట నడుమ తాటాకు పాక, పాక ముందు గడ్డివాము, చుట్టూ ముళ్లకంప కంచె, కంచెకు అవతల తుప్పలూ డొంకలూ. ఆసామి పొద్దున్నే వచ్చి గేదె పాలు పితుక్కుని, రాలిన జీడిపిక్కలు ఏరించుకుని, ఎండ వాలేసరికి ఊళ్లోకి వెళ్లిపోతాడు. ఆయన సైకిలు మలుపు తిరిగిందంటే ఇక తోటకు పెద్దదిక్కు గవరయ్యే.

గవరయ్య కుక్క. చేసేది కాపలా ఉద్యోగం, జీతం ఇంత గంజన్నం. కానీ కాపలా కుక్క అని ఎవరైనా అంటే ముఖం ముడుచుకునేవాడు. "కాపలా పొట్టకూటికి. నా అసలు విద్య మనసులు చదవడం," అనేవాడు. గడ్డివాము మీదకెక్కి, ముందుకాళ్లు చాపుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంటే నిజంగానే ఏదో తెలిసినవాడిలా కనపడేవాడు. కళ్లు సగం మూసుకోవడానికి కారణం నిద్రేనని ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ విద్యంతా తోకలోనే ఉంది. తోక ఊగితే సంతోషం, కాళ్ల మధ్యకు పోతే భయం. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే లొంగుబాటు. గొంతులో గుర్రుమంటే పగ. కళ్లలోకి సూటిగా చూస్తే సవాలు. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న పాఠమిది. అమ్మ కుక్కల సంగతి చెప్పింది. గవరయ్య దాన్ని లోకమంతటికీ వర్తింపజేశాడు.

"సూరమ్మత్తా, ఇవాళ మహా హుషారుగా ఉన్నావే!" అని పలకరించాడొక రోజు.

సూరమ్మ గేదె. పాక వెనక గుంజకు కట్టేసి ఉంటుంది. తోక అటూ ఇటూ ఛళ్లు ఛళ్లున విసురుతోంది. "హుషారేంట్రా అబ్బాయ్, జోరీగలు పీక్కు తింటుంటే! ఒళ్లు మండిపోతోంది."

గవరయ్య జాలిగా నవ్వాడు. "నీకలా అనిపిస్తుందత్తా. లోపల మాత్రం సంతోషమే."

"నా లోపలి సంగతి నాకు తెలీదా?"

"చాలామందికి తెలీదు. అందుకేగా నాలాంటి వాళ్లుండేది."

సూరమ్మ నెమరు ఆపి వాడి వంక కాసేపు చూసింది. ఇక మాట్లాడ్డం దండగనుకుని మళ్లీ నెమరు మొదలుపెట్టింది. "జవాబు లేదు చూశావా? ఒప్పుకుంది," అన్నాడు గవరయ్య పక్కనున్న కోడితో.

ఆ కోడి పేరు పుల్లమ్మ. కొత్తగా పిల్లలు లేచిన తల్లి. ఆకు కదిలినా ఉలిక్కిపడే మనిషి. గట్టిగా మాట్లాడేవాళ్లకి అన్నీ తెలుసని నమ్మే రకం కాబట్టి గవరయ్యంటే గురి.

"అన్నా, నా పిల్లలు నిన్న అత్త కుడితి తొట్టి చుట్టూ గీరి గలీజు చేశారు. నా మీద కోపమొచ్చిందేమో కాస్త చూసి చెప్పవూ?" అనడిగింది.

గవరయ్య కూర్చున్నచోటు నుంచే మెడ సాచి చూశాడు. "కోపమా? ఆ తోక చూడు ఎలా ఊగుతోందో! నువ్వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కాపురం పెట్టినా కిమ్మనదు."

పుల్లమ్మ ధైర్యంగా వెళ్లింది. ఈగల బాధతో ఉన్న సూరమ్మకు వెనకాల ఏదో కదిలినట్టనిపించి కాలు విసిరింది. గిట్ట చివర తగిలీ తగలనట్టు తగిలి పుల్లమ్మ గాల్లో లేచి గడ్డివాము మీద, సరిగ్గా గవరయ్య పక్కనే, వచ్చి పడింది.

"ఆనందం పట్టలేక కాలాడించింది," అన్నాడు గవరయ్య.

"ఇంకాస్త ఆనందమైతే నేను పోయేదాన్నన్నా," అంది పుల్లమ్మ, ఊడిన ఈకలు చూసుకుంటూ.

తర్వాత రోజుల్లో ఈ ముచ్చట చెప్పుకున్నప్పుడల్లా గవరయ్య నెత్తి కొట్టుకునేవాడు. "అప్పుడైనా బుద్ధి రావాలి కదా? పాపం బుద్ధి వద్దామనే చూసి ఉంటుంది. గుమ్మానికడ్డంగా నా విద్య పడుకుని ఉంది."

ఇంతలో తోటకు పిల్లి వచ్చింది. పిక్కల బస్తాలను ఎలుకలు కొరికేస్తున్నాయని ఆసామి ఊళ్లోంచి తెచ్చి వదిలాడు. పేరు మంగతాయి. కొత్త చోటు, ఎదురుగా అంత కుక్క. భయంతో, చిరాకుతో తోక కొరడాలా ఆడిస్తూ నిలబడింది.

"అబ్బో, వచ్చీ రాగానే ఎంత ప్రేమ!" అనుకుని గవరయ్య ముక్కు సాచి దగ్గరికెళ్లాడు. ఆ ముక్కు మీద గోళ్లు దిగాయి.

అదీ ఒక పాఠమే. కానీ గవరయ్య దాన్ని తన విద్యకు తగ్గట్టు సర్దుకున్నాడు. తోక రమ్మంటుంది, పంజా పొమ్మంటుంది, అంటే మనిషి నమ్మదగింది కాదని తేల్చేశాడు. కొన్నాళ్లకు మంగతాయి కుదురుకుంది. ఓ చలి పొద్దున, పాత గొడవ మరిచిపోదామనుకుందేమో, వచ్చి గవరయ్య పక్కన ముడుచుకు పడుకుంది. హాయిగా ఉండి గొంతులో గురగుర మొదలైంది. గవరయ్య చెవులు రిక్కించాడు. పగ! పక్కలో పడుకుని పళ్లు నూరుతోంది!

"ఏమ్మా, నేనేం చేశానని గుర్రుమంటున్నావు?"

"గుర్రుమనడమేంటయ్యా? వెచ్చగా ఉంది, సుఖంగా ఉంది, అందుకని..."

"నోటిమాటలు నా దగ్గర కాదు," అని గవరయ్య లేచి పోయాడు. చలికి వణుకుతూ పాక అవతలి కొసన పడుకుని, ఒక శత్రువును కనిపెట్టానన్న తృప్తితో ఎండెక్కేదాకా మేలుకునే ఉన్నాడు.

అలా ఉండగా ఒక సాయంత్రం పుల్లమ్మ పిల్లల్లో ఒకటి కనిపించలేదు. అన్నిటికంటే చిన్నది, మెడ మీద నల్ల మచ్చ ఉన్నది. కంచె దగ్గర కాసింత నూగు మాత్రం దొరికింది. పుల్లమ్మ ఆ నూగు చుట్టూ తిరిగి తిరిగి పిలిచింది. మిగిలిన పిల్లలన్నీ ఆమె వెంట గుంపుగా తిరిగాయి. చూడలేకపోయారు ఎవరూ.

"అన్నా, నువ్వు మనసులు చదువుతావుగా. ఇది ఎవరి పనో చెప్పు. మిగిలినవైనా దక్కుతాయి," అంది పుల్లమ్మ.

గవరయ్య గొంతు సవరించుకుని అందరి ముఖాలూ చూశాడు. మంగతాయికి ఆ తల్లిని చూసి జాలేసింది. నీకు నేనున్నానని చెప్పడానికి పిల్లులు చేసేదే తనూ చేసింది. సూటిగా చూసి, మెల్లగా కళ్లు మూసి తెరిచింది.

"అదిగో! సవాలు చూపు. పైగా మధ్యలో కళ్లు మూసుకుంటోంది. తప్పు చేసిన కళ్లు నిలబడవు."

"నమ్మకమున్న వాళ్ల ముందే మేం కళ్లు మూస్తామయ్యా! నేనెందుకు తింటాను దాని బిడ్డని?"

"నోటిమాట ఎవడిక్కావాలి?" అన్నాడు గవరయ్య. పుల్లమ్మ నమ్మలేక, నమ్మకుండా ఉండలేక పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని దూరంగా జరిగింది.

ఆ మర్నాడే కంచె అవతల నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "అయ్యగారూ... తమరేనా మనసులు చదివే గవరయ్యగారు?"

చూస్తే నక్క. పేరు జోగినాథమట. గవరయ్య మొరగడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆ నక్క చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకానించి, తోకతో దుమ్ము ఊడుస్తూ పాక్కుంటూ వస్తోంది. దగ్గరికి రాగానే వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తి, పొట్ట చూపించింది.

గవరయ్య గుండె కరిగిపోయింది. ఇన్నేళ్లుగా గేదెలూ కోళ్లూ పిల్లులూ అర్థంపర్థం లేని తోకలు ఊపుతుంటే చదివి చదివి కళ్లు కాయలు కాశాయి. ఇదొక్కటే అక్షరం పొల్లు పోకుండా చదవగలిగిన తోక.

"నక్క అనగానే లోకానికి చిన్నచూపు గురువుగారూ," అన్నాడు జోగినాథం గద్గదంగా. "పేరు చూసి రాయి విసిరేవాళ్లేగానీ మనసు చూసినవాడు లేడు. తమరు చూస్తారని విన్నాను. చూసి, దుర్మార్గుణ్ణని తేలితే ఇక్కడే పీక కొరికేయండి."

గవరయ్య చూశాడు. కళ్లు చెమర్చేదాకా చూశాడు. "పాలలాంటి మనసు," అన్నాడు.

నల్ల మచ్చ కోడిపిల్లను తిన్న నోరది. ఆ నోటిని మాత్రం గవరయ్య చూడలేదు.

అప్పటినుంచి జోగినాథం శిష్యుడైపోయాడు. ఎండ వాలగానే కంచె దగ్గరికొచ్చి పాఠం చెప్పించుకునేవాడు. చెప్పేవాడికి వినేవాడు దొరకడమంత ప్రమాదం ఇంకోటి లేదు. గవరయ్య రెచ్చిపోయి తోటలో ఉన్న ప్రతి ప్రాణి మనసూ విప్పి ఆరేశాడు.

"మరి ఆ గేదెమ్మగారి సంగతేంటి గురువుగారూ? ఆ కొమ్ములూ ఆ కాళ్లూ చూస్తే నాకు దడ," అన్నాడు జోగినాథం ఒకనాడు.

"సూరమ్మత్తా? వెన్నపూస. ఒక్క గుర్తు పెట్టుకో. ఆ తోక ఎంత జోరుగా ఊగితే అంత సంతోషంగా ఉన్నట్టు. అలాంటప్పుడు ఆమె కాళ్ల మధ్య నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లినా పట్టించుకోదు."

జోగినాథం ఆ మాట భద్రంగా దాచుకున్నాడు. అతనిదీ గవరయ్యలా తోకతో మాట్లాడే జాతే మరి. తన తోకతో అబద్ధం చెప్పగలిగినవాడికి, ఇంకొకరి తోక వేరే భాష మాట్లాడుతుందేమోనన్న అనుమానం మాత్రం రాలేదు.

చివరికి ఒకరోజు అసలు మాట బయటపెట్టాడు. "గురువుగారూ, ఆ పిల్లిని కోళ్లగంప పక్కనే ఉంచడం మంచిది కాదు. ఇవాళే తీసుకెళ్లి తోట చివర మోటారు గదిలో పెట్టండి. తమరే దగ్గరుండి కాపలా కాయండి. గంప సంగతి ఈ శిష్యుడికి వదిలేయండి."

గవరయ్యకు ఇది మహా తెలివైన ఏర్పాటనిపించింది. తనకే ముందు తట్టనందుకు కొంచెం సిగ్గు కూడా పడ్డాడు. ఆసామి సైకిలు మలుపు తిరగ్గానే సంగతి పుల్లమ్మకు చెప్పాడు.

"అన్నా! వాడు నక్క!"

"తోక చూడమ్మా."

"వాణ్ణి తలుచుకుంటేనే ఒళ్లంతా ఈకలు నిక్కబొడుచుకుంటున్నాయి!"

"అది కోపం తల్లీ. వెంట్రుక లేచిందంటే కోపమే. నీ కోపం పిల్లి మీద. నేను అర్థం చేసుకోగలను."

"కోపం కాదన్నా, భయం! నాకు భయమేస్తోంది!"

"అలా అనిపిస్తుంది," అన్నాడు గవరయ్య ఎంతో ఓర్పుగా.

తన భయం తనదని కూడా నమ్మించలేకపోయింది పుల్లమ్మ. పిల్లల్ని పిలుచుకుని గంప కిందకు దూరింది. సూరమ్మ మాత్రం గుంజ దగ్గర్నుంచి, "ఒరే, నాకూ ఇది నచ్చలేదు," అంది. "తోక ఊగుతోందిగా అత్తా, నచ్చింది నీకు," అని గవరయ్య పిల్లిని తోలుకుని మోటారు గదికి వెళ్లిపోయాడు.

మోటారు గది కిటికీలో మంగతాయి కూర్చుంది. గుమ్మంలో గవరయ్య అడ్డంగా పడుకున్నాడు. వెలుతురు తగ్గుతోంది. మంగతాయి కళ్లు చెట్ల సందుల్లోంచి పాక వైపే ఉన్నాయి. తోక కిటికీ చెక్కకేసి టపటపా కొట్టుకుంటోంది.

"సంతోషంగా ఉన్నావే," అన్నాడు గవరయ్య.

"కంచె దాటాడు వాడు. గంప దగ్గరికి పోతున్నాడు. లే!"

"నోరేమో లెమ్మంటోంది, తోకేమో పండగ చేసుకుంటోంది. నేను దేన్ని నమ్మాలి?"

మంగతాయి గబుక్కున దూకి వాడి ముఖానికెదురుగా నిలబడింది. "నా తోక ఊగితే నాకు కోపమయ్యా, కోపం! మా అమ్మకీ అంతే, మా అమ్మమ్మకీ అంతే. నీ తోక ఊగితే నీకు సంతోషం. నీ తోక నాకెందుకు తగిలిస్తావు? వచ్చిన రోజున తోక విసిరాను, గోళ్లతో గీరాను. రెండూ ఒకటే మాట. దగ్గరికి రావద్దని! నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. నువ్వు అడగవు. చెప్తే నమ్మవు!"

గవరయ్య ముక్కు మీద పాత గీతలు ఒక్కసారి చురుక్కుమన్నట్టనిపించింది. మంగతాయి చెప్పిందంతా సరిపోతోంది. జోరీగలు సరిపోతున్నాయి. గడ్డివాము మీదకు ఎగిరిపడ్డ పుల్లమ్మ కూడా సరిపోతోంది. ఇన్నాళ్లూ ఒక్కదానికీ సరిపోనిది తన విద్యే. ఆ సంగతి లోపలికి దిగుతుండగానే పాక వైపు నుంచి పుల్లమ్మ కేక వినిపించింది. ఆ కేకకు అర్థం చెప్పడానికి ఏ విద్యా అక్కర్లేదు.

గవరయ్య పరిగెత్తాడు. చెట్ల మొదళ్లు తగిలినా, కాళ్లలో ముళ్లు దిగినా ఆగలేదు. "భయమేస్తోందని చెప్పిందిరా, నోరు విప్పి చెప్పింది," అని తన్ను తానే తిట్టుకుంటూ పరిగెత్తాడు. వెనకే మంగతాయి.

గంప బోర్లా పడి ఉంది. పిల్లలు తలోదిక్కుకూ చెదిరిపోయి కీచుమంటున్నాయి. జోగినాథం నోట్లో పుల్లమ్మ, రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. ఎదురుగా దూసుకొస్తున్న గురువుగారిని చూసి శిష్యుడు చటుక్కున పాక వెనక్కి తిరిగాడు. అటు గోడకూ కంచెకూ మధ్య ఉన్నది ఒక్కటే దారి. ఆ దారికడ్డంగా సూరమ్మ నిలబడి ఉంది. కట్టు తెంచుకోలేక, కళ్లముందు జరిగేది ఆపలేక, కోపంతో ఒళ్లు తెలీకుండా ఊగిపోతోంది. తోక గిర్రున తిరుగుతోంది.

జోగినాథం క్షణం తటపటాయించాడు. అంతలో పాఠం గుర్తొచ్చింది. ఇంత జోరుగా ఊగుతోందంటే గేదెమ్మ ఎంత సంతోషంగా ఉందో! తల వంచి నిశ్చింతగా ఆమె వెనక కాళ్ల మధ్యకు దూరాడు.

సూరమ్మ జన్మలో అంత గట్టిగా ఎవర్నీ తన్నలేదు. పుల్లమ్మ ఒకవైపు గడ్డివాములో పడింది. జోగినాథం ఇంకోవైపు పెంటకుప్పలో పడ్డాడు.

గవరయ్య వెళ్లి మీద నిలబడ్డాడు. జోగినాథం మూలుగుతూనే చెవులు వాల్చాడు, వెల్లకిలా తిరిగాడు, తోక ఊపాడు. "అపార్థం గురువుగారూ... కోడమ్మని నేనే కాపాడుతుంటే... తమరు నా మనసు చూడండి..."

సిగ్గుచేటు విషయం ఏమిటంటే, ఆ ఊగే తోకను చూసి గవరయ్య తోక కూడా ఊగడం మొదలుపెట్టింది. ఆపుదామన్నా ఆగలేదు.

"తోక కాదయ్యా," అంది మంగతాయి వెనకనుంచి. "మూతి చూడు."

మూతి చూశాడు. మూతి నిండా పుల్లమ్మ ఈకలు. అప్పుడు పడింది గవరయ్య పన్ను. జోగినాథం సగం తోక కంచెలో వదిలేసి, కుంటుకుంటూ తుప్పల్లో పడి పారిపోయాడు. పోతూ పోతూ, "అంతా తప్పు పాఠం చెప్పావు కదయ్యా!" అని అరిచాడు.

మంగతాయి పిల్లల్ని ఒక్కొక్కటిగా పాక మూలల్లోంచీ ఆకుల కిందనుంచీ వెతికి తోలుకొచ్చింది. అన్నీ దక్కాయి, ఆ నల్ల మచ్చది తప్ప. పుల్లమ్మ ఒక రెక్క ఈడ్చుకుంటూ వచ్చి వాటిని పొదువుకుంది. గవరయ్య కొంచెం దూరంలో కూర్చున్నాడు. దగ్గరికి పోవాలో వద్దో తెలియలేదు.

"తప్పయిపోయిందమ్మా. నువ్వు భయమని చెబితే నేను కోపమన్నాను. మంగతాయి మనసేమిటో తెలుసుకోకుండా దాన్ని దొంగని చేశాను," అన్నాడు.

పుల్లమ్మ వాడి వంక చూసింది. "ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు."

గవరయ్య అలవాటుగా ఆమె ఈకల కేసి చూశాడు, తోక కేసి చూశాడు. తల దించుకున్నాడు. "నాకు తెలీదమ్మా. నువ్వే చెప్పు."

"నీ మీద కోపంగా ఉంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"నాకూ తెలీదు."

గవరయ్య అది నమ్మాడు. లోపల మాత్రం క్షమించేసి ఉంటుందిలే అని ఒక పాడు ఆలోచన తొంగిచూసింది గానీ, దాన్ని నాలుగు తగిలించి పంపేశాడు.

ఆ కోపం జీడిపూత వచ్చేదాకా ఉంది. ఆ తర్వాత ఓ చలి పొద్దున మంగతాయి మళ్లీ వచ్చి గవరయ్య పక్కన ముడుచుకుంది. గొంతులో గురగుర మొదలైంది. గవరయ్య చెవులు వాటంతటవే లేచాయి.

"ఏమ్మా... అది పగా?"

"కాదు. హాయి."

"నిజంగా?"

మంగతాయి తోక చివర ఒక్కసారి విసిరింది.

"నమ్మాను, నమ్మాను!" అన్నాడు గవరయ్య కంగారుగా.

ఇప్పటికీ తోటకు కొత్త ప్రాణి ఏదొచ్చినా గవరయ్య దాన్ని గడ్డివాము కింద కూర్చోబెట్టి ఈ కథ చెబుతాడు, ఎక్కడా తనను వెనకేసుకురాకుండా. "లోకమంతా నక్క తోక తొక్కి బాగుపడుతుంది. నేను చదివి చెడ్డాను," అని నవ్విస్తాడు. చివర్లో మాత్రం కొంచెం గర్వంగా మెడ నిక్కించి, "అయినా నా విద్య ఒక్కసారి పుల్లమ్మ ప్రాణం కాపాడింది. అదీ తప్పుల తడక కాబట్టే," అంటాడు.

ఎదుటివాడి ముఖంలో తన మనసునే చదువుకునేవాడికి మిత్రుడూ అర్థం కాడు, శత్రువూ అర్థం కాడు.